ఆటో సీప్యాప్ మెషీన్: నాలుగేళ్లు వాడిన తర్వాత నా సమీక్ష

మా ఇంటికి ఆటో సీప్యాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగిపోకుండా, ఒత్తిడిని తానే సర్దుకుంటూ మాస్కు ద్వారా గాలి పంపే యంత్రం) వచ్చింది 2021 నవంబరులో. మొదటి మూడు నెలల్లో దాన్ని పట్టుమని పది రాత్రులు కూడా వాడలేదు. సంచీలో సర్ది బీరువా మీదికి ఎక్కించేశాను. ఆ తర్వాత గడిచిన నాలుగేళ్లలో అది లేకుండా నిద్రపోయిన రాత్రులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అప్పుడూ ఇప్పుడూ అదే మెషీన్. అందువల్ల కంపెనీ పేరూ మోడలూ ఇక్కడ రాయడం లేదు. దాన్ని రాత్రంతా పెట్టుకోగలగడానికి ఏమేమి అవసరమయ్యాయో రాస్తున్నాను.

మెషీన్ కొనడానికి ముందు సంగతి: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాటాక, పట్టపగలు, స్టీరింగ్ పట్టుకుని ఉండగానే నాకు కునుకు పట్టింది. పక్కనున్న మా ఆవిడ కేక వేయకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ భయమేస్తుంది. ఆ వారమే ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకుని నిద్ర పరీక్ష చేయించుకున్నాను. గంటకు సగటున 41 సార్లు ఊపిరి ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందని రిపోర్టు వచ్చింది. కనీసం 10 సెకన్లు ఉంటేనే అటువంటి ఆటంకాన్ని లెక్కలోకి తీసుకుంటారు; గంటకు 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు.

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంటే, ఈ మెషీన్ గదిలోని గాలినే కొంత ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. సిడ్నీకి చెందిన వైద్యుడు కోలిన్ సలివాన్ బృందం ఈ పద్ధతిని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. ఇందులో ఆక్సిజన్ సిలిండర్ ఏమీ ఉండదు. ఈ ఒక్క మాట మా అమ్మకు ముందే విడమరచి చెప్పకపోవడం నేను చేసిన పెద్ద పొరపాటు. 2021 వేసవిలో, కోవిడ్ రెండో విడతలో, మా చిన్నాన్నను ఆమె చివరిసారి చూసింది వీడియో కాల్‌లో, ముఖానికి మాస్కుతో, గొట్టంతో. ఆరు నెలలు తిరగకుండానే కొడుకు ముఖానికీ అలాంటిదే కనిపించేసరికి, "నీకేమైందో నిజం చెప్పు నాన్నా" అంటూ తెల్లవార్లూ నా మంచం పక్కనే కూర్చుంది. మర్నాటి రాత్రి నేను మాస్కు పెట్టుకోలేదు.

మాస్కు విషయానికి వస్తే, అమ్మిన దుకాణం వారు నా ముఖం కొలవకుండానే ముక్కునూ నోటినీ కలిపి మూసే పెద్ద మాస్కు ఇచ్చి, రూ. 48,000 తీసుకుని, మెషీన్ ఎలా ఆన్ చేయాలో చూపించి వెళ్లిపోయారు. ముక్కు దూలం మీద ఎర్రగా కమిలిపోయేది, పక్కకు తిరిగితే గాలి కళ్లలోకి కొట్టేది, దానికి భయపడి పట్టీలు ఇంకా బిగిస్తే లీకు మరింత పెరిగేది. కడుపులోకి గాలి పోయి తెల్లారేసరికి పొట్ట డప్పులా ఉబ్బేది. ఫోన్ చేస్తే "అలవాటవుతుంది సార్" అన్నది తప్ప మరో జవాబు లేదు. లోపం నాలోనే ఉందనుకున్నాను. ఎంతోమంది మెషీన్‌ను అటకెక్కించేది సరిగ్గా ఈ దశలోనేనని, వారికి కావలసింది మనోబలం కాదు, ఇంకో సైజు మాస్కు అని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

నన్ను ఈ ఊబిలోంచి బయటికి తెచ్చింది ఆస్పత్రిలోని స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్. ఆమె అట్టముక్కతో నా ముక్కు వెడల్పు కొలిచి, నన్ను మంచం మీద పడుకోబెట్టి, గాలి నడుస్తుండగానే ఒకదాని తర్వాత ఒకటిగా మూడు మాస్కులు పెట్టి చూశారు. పడుకోగానే ముఖం కండ చెంపల వైపు జారి ఆకారం మారుతుందని, అందువల్ల కూర్చుని సరిచూసిన మాస్కు పడుకుంటే లీకవుతుందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. చివరికి ముక్కుకు మాత్రమే ఉండే చిన్న మాస్కు సరిపోయింది. మెషీన్ ఒత్తిడి కంపెనీ నుంచి వచ్చిన 4–20 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) పరిధిలోనే వదిలేసి ఉండగా, మెషీన్ మెమరీ కార్డులోని రికార్డు చూసి డాక్టరు గారు దాన్ని 8–14కు కుదించారు. ఆ తర్వాత పొట్ట ఉబ్బరం దాదాపు పోయింది. సాయంత్రం టీవీ ముందు అరగంట మాస్కు పెట్టుకుని కూర్చోమన్నారు. రెండు వారాలు అలాగే చేశాను. అమ్మ నా పక్కనే కూర్చుని సీరియల్ చూస్తూ, మాస్కుతోనే నేను మాట్లాడుతుంటే వింటూ, క్రమంగా కుదుటపడింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చి మాస్కు తీసేసి, "నాలుగు గంటలు పెట్టుకున్నాను కదా" అని తృప్తిపడేవాణ్ణి. రాత్రికి 4 గంటల చొప్పున, 70 శాతం రాత్రులు వాడితే చాలునన్న లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. అది అమెరికాలో బీమా చెల్లింపుల కోసం పెట్టుకున్న కొలమానం. అంతటితో జబ్బు అదుపులోకి వచ్చిందని కాదు. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే ఉంటుంది, అప్పుడే కండరాలు అన్నిటికన్నా ఎక్కువగా సడలుతాయి, నాలాంటి వారికి ఊపిరి ఆగడం కూడా అప్పుడే ముదురుతుంది. డాక్టరు గారు ఒక రాత్రి నా వేలికి, రక్తంలోని ఆక్సిజన్‌ను రాత్రంతా రికార్డు చేసే ఆక్సీమీటరు పెట్టించారు. మర్నాడు చూపించిన గ్రాఫులో మూడు గంటల వరకు గీత సమంగా ఉంది. ఆ తర్వాత ఐదున్నర దాకా రంపపు పళ్లే. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఆ రోజు నుంచి మూడింటికి గురక వినబడగానే మా ఆవిడ లైటు వేయకుండా మాస్కు నా చేతిలో పెట్టి "ఏమండీ, పెట్టుకోండి" అనేది. ఒకటిన్నర నెల ఆమె నిద్ర చెడగొట్టుకుని చేసిన ఆ పని వల్లే నాకు పూర్తి రాత్రి అలవాటైంది.

మన ఊరి వాతావరణానికి కొన్ని జాగ్రత్తలు కావాలి. మా కాలనీ బోరు నీళ్లు పోస్తే గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ తొట్టిలో వారానికే తెల్లగా పొర కట్టింది. కాచినా ఆ లవణాలు పూర్తిగా పోవు కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోస్తున్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గదిలో గొంతు ఎండకుండా తేమ పెంచుతాను. జనవరి చలిలో అదే తేమ గొట్టంలో నీరుగా మారి గుడగుడమంటుంది, అప్పుడు తేమ తగ్గించి గొట్టానికి గుడ్డ తొడుగుతాను. తలకు కొబ్బరినూనె రాసుకుని పడుకునే అలవాటు మానుకున్నాను, జిడ్డు తగిలితే సిలికాన్ మెత్త జారిపోయి త్వరగా పాడవుతోంది. మే నెల గాలివానకు కరెంటు పోతే మెషీన్ ఆగి ఉలిక్కిపడి లేచేవాణ్ణి; ఆ గది ప్లగ్గును ఇన్వర్టరుకు కలిపించాక ఆ బాధ తప్పింది.

ఇప్పుడు నా ఊపిరి ఆటంకాల సగటు గంటకు 3 దగ్గర ఉంటోంది. పొద్దున్నే వచ్చే తలనొప్పి, రాత్రి మూడుసార్లు బాత్రూంకు లేవడం పోయాయి. బరువు తగ్గలేదు, బీపీ మాత్ర కొనసాగుతోంది. జలుబు చేసిన రాత్రులు ఇప్పటికీ కష్టమే.

కొనబోయేవారు డబ్బు కట్టకముందే, నెల లోపు మాస్కు సరిపడకపోతే మార్చి ఇస్తామని దుకాణం వారి చేత బిల్లు మీద రాయించుకోండి. నేను ఆ పని చేయకపోవడం వల్ల రెండో మాస్కుకు మళ్లీ డబ్బు పెట్టాల్సి వచ్చింది. ఆ మొదటి మాస్కు డబ్బాలోనే పడి ఉంది.