మత్తు విభాగంపై మనసున్న నర్సుకు ఏది మేలు: ఇక్కడి పీజీనా, జర్మనీ శిక్షణా, అమెరికా డాక్టరేటా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఆసుపత్రుల ఐసీయూలలోనూ ఆపరేషన్ థియేటర్లలోనూ రెండు మూడేళ్లు పనిచేసిన బీఎస్సీ నర్సులలో కొందరికి మత్తు (అనస్థీషియా) విభాగం మీద గట్టిగా మనసు పడుతుంది. ఆ దారిలో పైచదువు ఎక్కడ చదవాలని విచారించేటప్పుడు ఎక్కువమంది మొదట అడిగేది ఫీజు ఎంత, జీతం ఎంత అని. ఆ రెండూ అడగవలసినవే. అయితే వాటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతులు రెండున్నాయి. ఆ శిక్షణ మన చేతికి ఏ పని నేర్పుతుంది? నేర్చుకున్న పనిని చేయడానికి అక్కడి నియమాలు ఒప్పుకుంటాయా? ఈ రెండింటినీ పక్కన పెట్టి కోర్సు పేరును చూసి చేరినవాళ్లు తర్వాత బాధపడడం నేను చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో మత్తు ఇవ్వడం డాక్టరు పని. ఎండీ, డీఏ, డీఎన్‌బీ వంటి అర్హతలున్న అనస్థీషియా వైద్యులే ఆ బాధ్యత తీసుకుంటారు. నర్స్ అనస్థెటిస్ట్, అంటే తానే మత్తు ఇచ్చే నర్సు, అనే హోదాతో రిజిస్ట్రేషన్ ఇచ్చే ఏర్పాటు ఇక్కడ లేదు. పల్లె ప్రాంతాల్లో మత్తు వైద్యులు దొరకక సిజేరియన్లు ఆగిపోతున్నప్పుడు కూడా ప్రభుత్వం ఎంబీబీఎస్ వైద్యులకే 18 వారాల ప్రాణరక్షక అనస్థీషియా శిక్షణ ఇచ్చే దారిని ఎంచుకుంది తప్ప నర్సులకు ఆ తలుపు తెరవలేదు. కనుక పోస్టర్ మీద 'అనస్థీషియా' అన్న మాట పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన ఆ సర్టిఫికెట్ మనకు మత్తు ఇచ్చే అధికారం ఇవ్వదు. ఇంటర్ తర్వాత చదివే బీఎస్సీ అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ కోర్సు మంచిదే. 2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల చట్టం అనస్థీషియా టెక్నీషియన్లను గుర్తించింది కూడా. కాని ఇప్పటికే బీఎస్సీ నర్సింగ్ చేతిలో ఉన్నవారు మళ్లీ మొదటినుంచి మరో డిగ్రీ చదవడం వల్ల ఏళ్లు పోవడమే తప్ప కొత్తగా చేరే అధికారం ఏమీ లేదు.

ఇక మిగిలేవి మూడు దారులు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ పీజీ మొదటిది. జర్మనీలో ఉద్యోగం చేస్తూ పొందే ఇంటెన్సివ్ కేర్, అనస్థీషియా ప్రత్యేక శిక్షణ రెండోది. అమెరికాలో నర్స్ అనస్థీషియా డాక్టరేట్ మూడోది. ఈ మూడింటి మధ్య తేడా సిలబస్ పుస్తకాలు తిరగేస్తే అంతగా తెలియదు. రోగి తల దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది.

పేగుకు చిల్లు పడి కడుపంతా ఇన్‌ఫెక్షన్ పాకిన రోగిని అర్ధరాత్రి థియేటర్‌లోకి తెచ్చారనుకుందాం. కడుపు నిండా ద్రవం ఉంది, బీపీ 80 దగ్గర ఊగుతోంది, మత్తు ఎక్కిన క్షణంలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మన దగ్గర నర్సు సక్షన్ పనిచేస్తున్నదని చూసుకుని పైపును చేతికందేలా పెడుతుంది, కండరాలను సడలించే మందు సక్సినైల్‌కోలిన్‌ను సిరంజీలోకి తీసి లేబుల్ అంటిస్తుంది, గొంతు లోపల చూసే లారింగోస్కోప్ వెలుగు సరిచూస్తుంది, డాక్టరు చెప్పగానే గొంతు మీది మృదులాస్థి క్రికాయిడ్‌ను నొక్కి పట్టుకుంటుంది. జర్మనీలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు కూడా దాదాపు ఇదే స్థానంలో ఉంటుంది. కాని యంత్రం సరిచూడడం నుంచి తర్వాత ఏ మందు అడుగుతారో ముందే పసిగట్టడం వరకు ఆమె చేసే ప్రతి పని వెనుక రెండేళ్ల పద్ధతైన చదువు ఉంటుంది. అమెరికాలో మూడో ఏడాది విద్యార్థిని అయితే తానే రోగి తల దగ్గర నిలబడుతుంది. ఏ మందు ఎంత మోతాదో తాను ఆలోచించి పర్యవేక్షకునికి చెబుతుంది, స్వరతంత్రులను తన కళ్లతో చూసి తన చేత్తో శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తుంది, అది సరైన చోట పడిందని చెప్పే కార్బన్ డయాక్సైడ్ అలలు మానిటర్ మీద వరుసగా వస్తున్నాయో లేదో చూస్తుంది, అల రాకపోతే ట్యూబ్ తీసేసి మాస్క్‌తో ఊపిరి ఇవ్వాలన్న నిర్ణయం కూడా క్షణంలో తీసుకోవలసినది ఆమే. మూడు దేశాల చదువుల మధ్య అసలు దూరం ఆ రెండు నిమిషాలలో ఉంది.

అమెరికా ఆ స్థాయికి ఊరికే చేరలేదు. 1870లలోనే అక్కడ నర్సులు మత్తు ఇవ్వడం మొదలుపెట్టారు. మేయో క్లినిక్‌లో పనిచేసిన ఆలిస్ మగా 1906లో తాను ఇచ్చిన 14,000కు పైగా మత్తులలో మత్తు కారణంగా ఒక్క మరణమూ లేదని వైద్య పత్రికలో రాశారు. 1931లో మత్తు ఇచ్చే నర్సుల సంఘం ఏర్పడింది, 1945లో జాతీయ పరీక్ష వచ్చింది. ఇప్పుడు చదువు ఎంత బరువుదంటే, 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరే ప్రతి విద్యార్థీ డాక్టరేట్ కోర్సులోనే చేరాలి, అది కనీసం 36 నెలలు సాగుతుంది. పట్టా చేతికి రావాలంటే కనీసం 2,000 గంటల క్లినికల్ పని, కనీసం 600 కేసులు పూర్తిచేయాలి. ఆ 600 కూడా తేలిక కేసులతో నింపడానికి వీల్లేదు. వృద్ధులు, రెండేళ్లలోపు పసివాళ్లు, సిజేరియన్లు, అత్యవసర ఆపరేషన్లు, ఛాతీ ఆపరేషన్లు ఒక్కోదానికీ కనీస సంఖ్య ఉంటుంది, ట్యూబ్ వేయడం 250 సార్లు చేయాలి. చేతి పనిని ఇంత ఖచ్చితంగా లెక్కగట్టే నర్సింగ్ చదువు మిగిలిన రెండు దారులలో లేదు. నా దృష్టిలో అమెరికా చదువుకు ఉన్న అసలు గొప్పతనం డాక్టరేట్ అన్న పేరు కాదు, ఈ లెక్కే.

అయితే హనుమకొండ నుంచి ఆ మెట్టు దాకా ఉన్న దూరాన్ని ఏజెంట్లు చెప్పరు. అక్కడి నియమం ప్రకారం కోర్సులో చేరడానికి కనీసం ఏడాది క్రిటికల్ కేర్ అనుభవం ఉండాలి, ఆ అనుభవం అమెరికాలోనో, దాని అధీనంలోని ప్రాంతాలలోనో, బయట ఉన్న అమెరికా సైనిక ఆసుపత్రులలోనో సంపాదించినదై ఉండాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో పాముకాటు రోగులను, పురుగుమందు తాగినవారిని వెంటిలేటర్ మీద రాత్రింబవళ్లు కాపాడిన అనుభవం మీ చేతికి ఎంతో నేర్పుతుంది, కాని దరఖాస్తులో ఆ ఏళ్లు లెక్కకు రావు. అంటే ముందు అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయాలి, ఉద్యోగ వీసా కోసం భారతీయులకు పొడవుగా ఉండే వరుసలో ఏళ్ల తరబడి నిలబడాలి, అక్కడి ఐసీయూలో పనిచేయాలి, గట్టి పోటీలో సీటు సంపాదించాలి, ఆ తర్వాత మూడేళ్లు జీతం లేకుండా చదవాలి. చాలా కాలేజీలలో ఫీజే లక్ష డాలర్లు దాటుతుంది. చదువు పూర్తయ్యాక మధ్యస్థ వార్షిక ఆదాయం రెండు లక్షల డాలర్లకు పైనే ఉన్న మాట నిజం. కాని ఈ రోజు ఇక్కడ మొదలుపెట్టిన అమ్మాయికి ఆ జీతం చేతికి రావడానికి ఎనిమిది నుంచి పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుందని నా అంచనా. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి విదేశీ చదువుకు అప్పు చేసే కుటుంబాలు మన జిల్లాలలో తక్కువేమీ కాదు. అందుకే ఈ కాలం లెక్కను తల్లిదండ్రుల ముందు కూర్చుని కాగితం మీద వేసి చూపించమని అడిగినవారందరికీ చెబుతున్నాను.

జర్మనీ దారి అంత ఎత్తుకు తీసుకుపోదు, అంత లోతు అప్పులోకీ దించదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతున్నది కాబట్టి మనవాళ్లకు ఈ దారి ఇప్పుడు కొత్త కాదు. భాషలో బీ2 స్థాయి సాధించి, మన డిగ్రీకి అక్కడ గుర్తింపు తెచ్చుకుని, ఆ విభాగంలో కనీసం ఆరు నెలలు పనిచేసిన తర్వాత రెండేళ్ల ప్రత్యేక శిక్షణలో చేరవచ్చు. జర్మన్ ఆసుపత్రుల సంఘం సిఫారసు ప్రకారం అందులో కనీసం 720 గంటల తరగతులు, 1,800 గంటల ప్రాక్టికల్ ఉంటాయి. ఇదంతా ఉద్యోగంలో ఉంటూ, జీతం తీసుకుంటూ చేసేది. సాధారణంగా ఖర్చు ఆసుపత్రే భరిస్తుంది, బదులుగా కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని చాలాచోట్ల ఒప్పందం రాయించుకుంటారు, ఆ కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టవద్దు. లోపం ఒక్కటే, అదీ చిన్నది కాదు: ఎంత శిక్షణ పొందినా మత్తు ఇచ్చే బాధ్యత డాక్టరుదే, నర్సు సహాయకురాలిగానే ఉంటుంది. స్వీడన్‌లో ఏడాది ప్రత్యేక చదువు తర్వాత నర్సుకు ఇంతకంటే ఎక్కువ స్వేచ్ఛ ఉంది, కాని భాష, సీటు రెండూ మనవాళ్లకు కష్టం. బ్రిటన్‌లో నర్స్ అనస్థెటిస్టులే లేరు. అనస్థీషియా అసోసియేట్లు వేరే వృత్తి, 2024 డిసెంబరు నుంచి వారు వైద్యులను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ అధీనంలోకి వచ్చారు. బ్రిటన్ నర్సు ఉద్యోగానికి వెళ్తూ మత్తు విభాగం ఆశ పెట్టుకోవడం అందువల్ల సరికాదు.

ఇక ఊరు విడవలేనివారి సంగతి. చిన్న పిల్లలున్నవారు, ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చినవారు, ముసలి తల్లిదండ్రులను చూసుకోవలసినవారు మనలో ఎక్కువ, వారి ఎంపికను తక్కువగా చూడడం నాకు నచ్చదు. ఏడాది అనుభవం తర్వాత చేరగలిగే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ చదివేది. సాధారణ ఎమ్మెస్సీ నర్సింగ్‌లో థీసిస్, సెమినార్లు, టీచింగ్ ప్రాక్టీస్ ఎక్కువ సమయం తీసుకుంటే, ఇందులో అధిక భాగం రోగి పడక పక్కనే గడుస్తుంది. మందుల శాస్త్రం, రోగలక్షణ శాస్త్రం, శరీర పరీక్ష మూడూ పైస్థాయిలో చదవాలి. అమెరికా కోర్సుకు పునాది కూడా ఈ మూడు సబ్జెక్టులే. వెంటిలేటర్ సెట్టింగులు, నొప్పి తగ్గించే మందులు, షాక్‌లో ఉన్న రోగిని నిలబెట్టడం బాగా నేర్చుకున్న నర్సు థియేటర్‌లోనూ, రికవరీ గదిలోనూ, అంబులెన్సులోనూ పనికివస్తుంది. మందుల విషయంలో స్వేచ్ఛ మాత్రం ఆసుపత్రి రాసుకున్న ప్రోటోకాల్ పరిధిలోనే ఉంటుంది.

ఈ కోర్సు విలువ మొత్తం కాలేజీ మీదనే ఆధారపడి ఉంది. కొన్నిచోట్ల రెసిడెంట్లను ఖాళీ డ్యూటీలు నింపడానికి వాడుకుంటారు, లాగ్‌బుక్‌లో చూసిన ప్రొసీజర్లు చేసినట్లు రాసి సంతకాలు పెట్టిస్తారు. అలాంటి చోట రెండేళ్లు పోయాక చేతిలో మిగిలేది కాగితమే. చేరే ముందు ఆ ఏడాదికి కౌన్సిల్ అనుమతి ఉన్నదా అని చూసుకోవడంతో పాటు, అక్కడి సీనియర్లను ఒక్క ప్రశ్న అడగండి: కిందటి నెలలో మీరు మీ చేత్తో ఎన్నిసార్లు ట్యూబ్ వేశారు, ఎన్నిసార్లు ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టే సన్నని గొట్టం) పెట్టారు? జవాబు చెప్పడానికి వారు తడబడితే మరో కాలేజీ వెతుక్కోండి.

ఇన్ని చెప్పాక, నన్ను ఒకటి ఎంచమంటే, కుటుంబ బంధనాలు తక్కువగా ఉండి పాతికేళ్లలోపు వయసున్న నర్సుకు జర్మనీ దారే మేలని చెబుతాను. మన జిల్లాల కుటుంబాలు మోయగలిగిన ఖర్చుతో, అనస్థీషియా యంత్రం పక్కన నిలబడి నేర్చుకునే పద్ధతైన చదువు దొరికేది అక్కడే. అమెరికా దారిని మత్తు ఇవ్వడం తప్ప మరే పనీ తృప్తినివ్వదని తేల్చుకున్నవారు, పదేళ్ల ఓపిక ఉన్నవారు ఎంచుకోవాలి. వారికి ఆ శ్రమకు తగిన ఫలం ఉంది. ఇక్కడే ఉండేవారికి మంచి కాలేజీలో క్రిటికల్ కేర్ పీజీని మించినది లేదు.

మన దగ్గర తలుపు ఎప్పటికీ మూసే ఉంటుందని నేను అనుకోను. మత్తు చరిత్రలో హైదరాబాదుకు పెద్ద స్థానం ఉంది. వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో 1888, 1889లలో క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో పరీక్షించిన క్లోరోఫాం కమిషన్లు పనిచేసింది ఇక్కడే, ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది ఇక్కడి వైద్య పాఠశాలలోనే. ఆమె వైద్యురాలు, నర్సు కాదు. అయినా ఆ కాలంలో ఒక స్త్రీకి ఆ పని అప్పగించిన నేల ఇది. ఇటీవలి సంగతే చూస్తే, 2017లో తెలంగాణ 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టి కాన్పుల బాధ్యతను నర్సుల చేతికి ఇవ్వడానికి ముందుకు వచ్చింది. జిల్లాకొక మెడికల్ కాలేజీ వచ్చిన ఈ రోజుల్లో ములుగు, భూపాలపల్లి వంటి చోట్ల రాత్రివేళ మత్తు వైద్యునికి తోడుగా లెక్కగట్టిన కేసులతో శిక్షణ పొందిన నర్సు ఉండడం అవసరం. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. మత్తు వైద్యుల పర్యవేక్షణలో, కేసుల కనీస సంఖ్య ఖచ్చితంగా రాసిన ఏడాది కోర్సు ఒకటి రూపొందించమని నర్సింగ్ సంఘాలు అక్కడ వినతిపత్రం ఇవ్వవచ్చు.