అమ్మతో స్టూస్ కొండ మీద రెండు రోజులు

స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్ళు టిట్లిస్, యుంగ్‌ఫ్రౌ మంచుకొండలే అంటారు, మేమూ అవే అనుకున్నాం కానీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా యుంగ్‌ఫ్రౌ మీద రైలు ఆగే యుంగ్‌ఫ్రౌయోక్ అంటే 3,454 మీటర్లు, అంత ఎత్తులో ఆయాసం వస్తుందేమోనని భయమేసి స్టూస్‌కి మార్చేశాం (అక్కడివాళ్ళు ష్టోస్ అంటారు). ఇది 1,300 మీటర్లే, కార్లు తిరగని చిన్న స్కీ ఊరు.

లూసర్న్ నుంచి రైల్లో వచ్చి ష్విట్స్‌లో దిగి బస్సెక్కితే స్టూస్ కొండెక్కే కేబుల్ రైలు కింది స్టేషన్ దగ్గరే దింపుతారు. స్విస్ ట్రావెల్ పాస్ (రైళ్ళకీ బస్సులకీ కలిపి ఒకే టికెట్) ఉంటే స్టూస్ రైలుకి వేరే టికెట్ అక్కర్లేదు, యుంగ్‌ఫ్రౌకి పాస్ ఉన్నా డిస్కౌంటే ఇస్తారు, నలుగురున్న ఇంటికి ఇది చిన్న తేడా కాదు.

ఇంక ఆ రైలు! 1933 నుంచి నడిచిన పాతదాని బదులు 2017 డిసెంబర్‌లో ఇది మొదలుపెట్టారు. వాలు ఎక్కువగా ఉన్నచోట 110 శాతం, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 110 మీటర్లు పైకి. పెట్టెలు గుండ్రటి డ్రమ్ముల్లా ఉంటాయి, ఒక్కోదాంట్లో 34 మంది, వాలుని బట్టి డ్రమ్ము తిరుగుతుంది కాబట్టి కాళ్ళకింద నేల ఎప్పుడూ సమంగానే ఉంటుంది. అమ్మ మొదట నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, సగం దారిలో ఎదురు రైలు పక్కనుంచి దిగుతుంటే చెయ్యి వదిలేసి కిటికీ దగ్గరికెళ్ళి "ఇది మన నూతి గిలక లాంటిదే కదరా, అటొక బొక్కెన ఇటొక బొక్కెన" అంది. నిజంగా అంతే, ఒకే కేబుల్‌కి రెండు రైళ్ళు, దిగేదాని బరువు ఎక్కేదానికి సాయం. 744 మీటర్ల ఎత్తు కొన్ని నిమిషాల్లో ఎక్కేశాం.

పైన ఒక రాత్రి ఉన్నాం. రూము శుభ్రంగానే ఉంది కానీ రాత్రి హీటర్ పనిచెయ్యలేదు, రిసెప్షన్ సాయంత్రమే మూసేశారు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, అమ్మకి రెండు దుప్పట్లు, నా జాకెట్ కప్పాల్సొచ్చింది. ఆ రేటుకి ఆ సర్వీసు అస్సలు తగదు. పెద్దవాళ్ళుంటే బుక్ చేసేముందే రాత్రి ఎవరుంటారో మెయిల్‌లో అడగండి, లేదా కింద లూసర్న్ సరస్సు పక్కనున్న బ్రున్నెన్ ఊళ్ళో ఉండి పొద్దున్నే పైకి రండి. అయినా తెల్లారి కిటికీ తీస్తే లోయ నిండా తెల్లగా పొగమంచు, మా మీద మాత్రం ఎండ, అమ్మ టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడింది.

తిండికి రోష్టి (బంగాళాదుంప తురుముతో వేసే అట్టు) బావుంటుంది, కానీ "స్పెక్ వద్దు" అని ముందే చెప్పాలి, లేకపోతే పంది మాంసం ముక్కలు వేసేస్తారు. పాప స్కీ క్లాసుకెళ్ళింది, ఊరి పక్కనున్న తేలిక వాలు పిల్లలకి బావుంది. ఫ్రోనాల్ప్‌స్టాక్ శిఖరానికెళ్ళే చైర్‌లిఫ్ట్‌లో కాళ్ళు గాల్లో వేలాడతాయి కాబట్టి అమ్మని వద్దన్నాం, నేనూ పాపా వెళ్ళాం, కింద నీలంగా లూసర్న్ సరస్సులో ఉరి (Uri) వైపు పాయ చివరిదాకా కనిపించింది. మబ్బుంటే అదీ కనపడదు, అందుకే బయల్దేరేముందు పొద్దున్నే వాళ్ళ వెబ్‌క్యామ్ చూసుకోండి.