తలకు పట్టీనా, చేతికి బ్యాండా?

చదువుకునే పిల్లల్లో ఫోన్ వ్యసనం తగ్గించే పరికరం తయారు చేయాలంటే నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి: మెదడు తరంగాలు చదివే తలపట్టీ, వైబ్రేషన్‌తో హెచ్చరించే చేతి బ్యాండ్.

తలపట్టీకి ఆధారం ఈఈజీ, అంటే తల మీద పెట్టిన సెన్సర్లతో మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పద్ధతి. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశారు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉంటే 8–12 హెర్ట్జ్ ఆల్ఫా తరంగాలు బలంగా కనిపిస్తాయి. మ్యూజ్ లాంటి పట్టీలను ఇప్పటికే ధ్యానానికి వాడుతున్నారు. చిక్కంతా చదువుకునేటప్పుడే. రెప్ప వేసినా, పళ్లు బిగించినా ఆ కదలికల సంకేతాలు కూడా మెదడు తరంగాల్లో కలిసిపోతాయి. మన ఎండల్లో నుదుటి చెమట సరేసరి. పైగా పిల్లల మెదడు డేటా ఎవరి సర్వర్‌కి చేరుతుందో అన్నదే నాకు పెద్ద టెన్షన్.

బ్యాండ్‌కి మనసులో ఏముందో తెలియదు. చేతి కదలికను గమనిస్తుంది, బ్లూటూత్ ద్వారా ఫోన్ వాడకం తెలుసుకుంటుంది, రీల్స్ పదిహేను నిమిషాలు దాటితే మెల్లగా వైబ్రేట్ అవుతుంది. అర్ధరాత్రి దిండు పక్కన ఫోన్ కోసం తడుముకునే చేతికి కావాల్సింది అదే. కొన్నాళ్లకు ఆ వైబ్రేషన్ అలవాటైపోతుంది కాబట్టి దాని తీరు మారుతూ ఉండాలి. పావ్లాక్ బ్యాండ్‌లా కరెంటు షాక్ ఇవ్వడం మాత్రం పిల్లలకు వద్దే వద్దు.

నేనైతే బ్యాండే చేస్తాను: తెర లేకుండా, నోటిఫికేషన్లు రాకుండా, డేటా అంతా అందులోనే ఉండేలా.