విదేశంలో పీఆర్ ఇంటర్న్‌షిప్: ఏజెన్సీలోనా, కంపెనీలోనా, ఈవెంట్ ప్రెస్ ఆఫీసులోనా?

పీఆర్, అంటే సంస్థల తరఫున మీడియాతో, జనంతో మాట్లాడే పని. అందులో ఇంటర్న్‌షిప్‌కి వేరే దేశం వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా ఊరి గురించి తర్జనభర్జన పడతారు. లండనా, పారిసా, న్యూయార్కా అని. ఊరి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఎలాంటి ఆఫీసులో చేరాలన్నది. ఒకే వీధిలో ఉన్న రెండు ఆఫీసుల్లో ఒకచోట రోజూ విలేకరులతో పని పడుతుంది. రెండోచోట మూడు నెలలున్నా ఒక్క విలేకరి గొంతు కూడా వినపడదు.

ఏజెన్సీ అంటే నలుగురైదుగురు క్లయింట్ల పని ఒకే బల్ల మీద ఉంటుంది. పొద్దున మందుల కంపెనీ ప్రెస్ నోట్, సాయంత్రానికి కొత్త ఫోన్ విడుదల. ఇంటర్న్ చేతికి మొదట వచ్చేది మీడియా లిస్టు: ఏ విలేకరి ఏ బీటు (రంగం) చూస్తున్నారు, ఎవరు పత్రిక మారారు, ఎవరికి ఫోన్ చేస్తే చిరాకు. ఆ తర్వాత వచ్చిన వార్తల క్లిప్పింగులు, ఏది ఎక్కడ వచ్చిందో చెప్పే కవరేజ్ రిపోర్టు. విసుగు పనే. కానీ తెలియని దేశంలో మీడియా ఎలా నడుస్తుందో ఇంత తొందరగా తెలిసే దారి ఇంకోటి లేదు. ఒక్క విషయం మాత్రం చూసుకోండి. ‘ఇంత చోటులో ప్రకటన వేస్తే ఇంత ఖర్చయ్యేది, కాబట్టి ఈ వార్త విలువ ఇంత’ అని లెక్క కట్టమంటారు కొన్నిచోట్ల. అది పీఆర్ విలువే కాదని 2010లోనే బార్సిలోనా సూత్రాల్లో, అంటే పీఆర్ ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే నియమాల్లో, రాసుకున్నారు. ఇంకా ఆ లెక్క మీదే బండి నడిపే ఏజెన్సీ అయితే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

ఏజెన్సీలో తప్పు చేస్తే ఆ పూటే తెలిసిపోతుంది. నేను లండన్‌లో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు, జూలైలో, ఒక ప్రెస్ నోట్ మీద ‘ఉదయం 9 గంటల వరకు ఎంబార్గో, జీఎంటీ’ అని పెట్టాను. ఎంబార్గో అంటే ఆ సమయం దాకా వార్త వేయొద్దని. వేసవిలో బ్రిటన్ గడియారాలు జీఎంటీ కంటే గంట ముందుంటాయన్న సంగతి తట్టలేదు. లండన్ పత్రికలు చేతి గడియారం చూసుకుని 9కి వార్త వేసేశాయి. వేరే దేశపు విలేకరి ఒకాయన మాత్రం నేను రాసింది అక్షరాలా పాటించి, లండన్‌లో 10 అయ్యేదాకా ఆగాడు. వార్త పాతబడిపోయింది. ఫోన్ చేసి ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. ఆ తర్వాత నా ఏ ప్రెస్ నోట్‌లోనైనా సమయం పక్కన ఊరి పేరు ఉంటుంది.

కంపెనీ సొంత కమ్యూనికేషన్స్ విభాగం ఇంతకంటే నెమ్మది. ప్రెస్ నోట్ లీగల్ వాళ్లు, ఫైనాన్స్ వాళ్లు, పెద్ద బాసు చూసి దిద్దాక గానీ బయటికి వెళ్లదు. ఆ దిద్దుబాట్లు దగ్గరుండి చూస్తే, ఒక్క మాట ఎందుకు తీసేశారో అర్థమైతే, రాయడం బాగా వస్తుంది. స్థానిక భాష రానివాళ్లకూ ఇది కొంత నయం. అంతర్జాతీయ కంపెనీలో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. పారిస్ ఏజెన్సీలో ఫ్రెంచ్ రాకుండా విలేకరికి ఫోన్ చేసి వార్త వేయమని ఒప్పించడం కుదరదు. సర్టిఫికెట్ మీద పెద్ద పేరు ఉంటుందని మాత్రమే కంపెనీకి వెళ్లేట్టయితే వద్దంటాను.

ఇక ఈవెంట్ ప్రెస్ ఆఫీసు. మే నెలలో కాన్ ఫిలిం ఫెస్టివల్, ఆగస్టులో ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే కళల ఉత్సవం, బార్సిలోనాలో మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే ఫోన్ పరిశ్రమ సదస్సు లాంటివి జరిగినప్పుడు మీడియా పనికి అదనపు చేతులు కావాల్సి వస్తాయి. పని కొన్ని వారాలే. నిద్ర తక్కువ, నడక ఎక్కువ.

ప్రెస్ మీట్ 11కి అయితే ఇంటర్న్ 8కే హాల్లో ఉంటాడు. బ్యాడ్జీలు ఇంటిపేర్ల వరుసలో పరవాలి. లిస్టులో లేని విలేకరి వస్తే ఎవర్ని పిలవాలో తెలిసుండాలి. బల్ల మీది నీళ్ల సీసాలకు వేరే కంపెనీ లేబుల్ ఉంటే పీకేయాలి, లేకపోతే రేపటి ఫొటోలో అదే కనిపిస్తుంది. వెనక మల్ట్ బాక్స్ ఉంటుంది. వేదిక మీది మైకు శబ్దాన్ని టీవీ కెమెరాలన్నీ అందులోంచే తీసుకుంటాయి. అందులో ఒక్క సాకెట్ పనిచేయకపోయినా పది నిమిషాల ముందు ఎంత టెన్షనో! అక్కడ నిలబడి కెమెరామెన్ ఏమని తిట్టుకుంటున్నారో విన్నవాళ్లు, మళ్లీ జన్మలో మాట్లాడే మనిషిని ఎండపడే కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టరు.

ఏది మేలంటే, ఆరు నెలలు చేతిలో ఉంటే ఏజెన్సీ. సెలవుల్లో ఆరు వారాలే ఉంటే ఈవెంట్. రాయడం మీదే మనసుంటే, అదీ మొదటి ఇంటర్న్‌షిప్ కాకపోతే, కంపెనీ.

కానీ వీసా, జీతం నిబంధనలు ఈ లెక్కను తారుమారు చేయగలవు. అమెరికాలో జే-1 ఇంటర్న్ వీసా గరిష్ఠంగా 12 నెలలు. డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక రాసివ్వాలి, అందులో గుమస్తా పని 20 శాతం మించకూడదు. రోజంతా జిరాక్స్ తీయించే ఏజెన్సీ మీద ఇదే మీ ఆయుధం. బ్రిటన్‌లో నిజంగా పని చేయిస్తే కనీస వేతనం ఇవ్వాలి. అక్కడి కోర్సులో భాగంగా చేసే ఏడాది లోపు ప్లేస్‌మెంట్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు. ఈవెంట్ వారాల్లో పని గంటలు ఎప్పుడు దాటిపోతాయో తెలియదు కాబట్టి ముందే చెప్పి ఉంచాలి. ఫ్రాన్స్‌లో విద్యార్థి, విద్యాసంస్థ, ఆఫీసు ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం లేకుండా ఇంటర్న్‌షిప్ లేదు. రెండు నెలలు దాటితే భృతి తప్పనిసరి. అందుకే కొన్ని ఆఫర్లు సరిగ్గా రెండు నెలల దగ్గరే ఆగిపోతాయి, అది యాదృచ్ఛికం అనుకోకండి.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీ ప్రశ్నలేమైనా ఉన్నాయా’ అంటారు కదా, అప్పుడు ఇది అడగండి: ‘మీ కిందటి ప్రెస్ మీట్‌లో ఇంటర్న్ ఎక్కడ నిలబడ్డాడు?’ రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరనో, మల్ట్ బాక్స్ పక్కననో చెబితే సరే. ‘ఆఫీసులో ఉండి మెయిళ్లు చూసుకున్నాడు’ అంటే ఇంకో ఆఫర్ వెతుక్కోండి.