మల్వాడ్ వీపీఎన్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

వీపీఎన్ (మన నెట్ ట్రాఫిక్‌ను తన సర్వర్ గుండా పంపే సర్వీసు) సమీక్షలు చదివేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2021లో కేప్ టెక్నాలజీస్ అనే కంపెనీ, వీపీఎన్‌లకు ర్యాంకులిచ్చే వెబ్‌సైట్లు నడిపే వెబ్‌సెలెనీస్‌ను కొనేసింది. అప్పటికే సైబర్‌గోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే వీపీఎన్‌లు దాని చేతిలో ఉన్నాయి. అదే ఏడాది ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ని కూడా 93.6 కోట్ల డాలర్లకు కొంది. పరీక్ష రాసినవాడే పేపర్లు దిద్దినట్టన్నమాట. మిగతా సైట్లలోనూ చాలావాటికి మనం లింకు నొక్కి కొంటే కమీషన్ వస్తుంది. మల్వాడ్ అలాంటి కమీషన్లు ఇవ్వదు కాబట్టి ఆ జాబితాల్లో అది పైన కనబడడం తక్కువ.

వీపీఎన్ పెట్టుకోగానే మనం మాయమైపోం. ఏయే సైట్లకు వెళ్తున్నామో ఇన్నాళ్ళూ నెట్ కనెక్షన్ ఇచ్చేవాడికి తెలిసేది, ఇప్పుడు వీపీఎన్ వాడికి తెలుస్తుంది. అంతే తేడా. అందుకే సర్వర్లు ఎన్ని వేలున్నాయి, వేగం ఎంత అన్నవి నేను తర్వాత చూస్తాను. పోలీసులు వచ్చి అడిగిన రోజున ఆ కంపెనీ దగ్గర ఏం దొరికింది అన్నది ముందు చూస్తాను.

లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న రికార్డులు) ఉంచం అని అందరూ రాసుకుంటారు. ఐపీవానిష్ అనే వీపీఎన్ కూడా అలాగే రాసుకుంది, 2016లో అమెరికా దర్యాప్తు అధికారులకు ఒక యూజర్ వివరాలు ఇచ్చింది (తర్వాత యాజమాన్యం మారిందనుకోండి). 2017లో ఒక వేధింపుల కేసులో ప్యూర్‌వీపీఎన్ రికార్డులు ఎఫ్‌బీఐకి అందాయి. ఆ కేసులో నిందితుడు దొరకడం మంచిదే, నాకేమీ బాధ లేదు. కానీ లేవన్న రికార్డులు ఎక్కడినుంచి వచ్చాయి?

మల్వాడ్‌ని ఎంచుకోవడానికి కారణం దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సెర్చ్ వారంటుతో గోథెన్‌బర్గ్‌లోని వాళ్ళ ఆఫీసుకు వచ్చారు. కస్టమర్ల సమాచారం ఉన్న కంప్యూటర్లు పట్టుకుపోదామని. అసలు అలాంటి సమాచారమే తమ దగ్గర ఉండదని కంపెనీవాళ్ళు చూపించాక ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. ఆడిట్ రిపోర్టులు ఎన్ని ఉన్నా అవి ఆడిటర్ వచ్చిన వారం సంగతి మాత్రమే చెబుతాయి. చెప్పాపెట్టకుండా వచ్చిన పోలీసులకు ఏమీ దొరకకపోవడం నా దృష్టిలో అంతకన్నా గట్టి సాక్ష్యం.

ఖాతా తెరవడానికి పేరు, ఈమెయిల్, పాస్‌వర్డ్ ఏవీ అడగరు. 16 అంకెల నంబరొకటి ఇస్తారు, అదే ఖాతా. అది పోగొట్టుకుంటే ఓటీపీ పంపి తిరిగి ఇప్పించడానికి వాళ్ళ దగ్గర మన చిరునామా ఉండదుగా, కట్టిన డబ్బుకు దాదాపు నీళ్ళొదులుకోవడమే. నంబరు రెండుచోట్ల రాసి పెట్టుకోండి. నెలకు 5 యూరోలు, 2009 నుంచీ అదే రేటు. ఏడాదికి కట్టినా తగ్గింపు లేదు. ఇది కొందరికి నచ్చదు కానీ నాకు హాయిగా ఉంది. ఇంతకుముందు వాడిన ఒక సర్వీసు (పేరెందుకులెండి) మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి, రెండో ఏడాది ఒక్క మాటైనా చెప్పకుండా రెట్టింపుకు పైగా కార్డులోంచి లాగేసుకుంది. రద్దు చేసుకుందామంటే చాట్‌లో కూర్చుని బతిమాలుకోవాల్సి వచ్చింది. కవర్లో నోట్లు పెట్టి పోస్టులో పంపినా మల్వాడ్ తీసుకుంటుంది. నేను మాత్రం కార్డుతోనే కడతాను, నాకు అంత రహస్యం అవసరం లేదు.

వేగం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. వైర్‌గార్డ్ అనే కనెక్షన్ పద్ధతి వాడుతుంది. దగ్గరి సర్వర్ పెట్టుకుంటే వీపీఎన్ ఆన్‌లో ఉన్న సంగతే మర్చిపోతాం, ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా కాల్ తెగదు. దూరదేశపు సర్వర్ అయితే వీడియో కాల్లో మాట కాస్త ఆలస్యంగా వినబడుతుంది.

ఏ వీపీఎన్ వాడినా తప్పని చిరాకులు వేరే ఉన్నాయి. ట్రాఫిక్ లైట్ల బొమ్మలు నొక్కమనే క్యాప్చాలు ఎక్కువవుతాయి. కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఆండ్రాయిడ్‌లో ఆ ఒక్క యాప్‌ని వీపీఎన్ బయట ఉంచే సౌకర్యం ఉంది కాబట్టి గట్టెక్కుతున్నాను. లాగిన్ పేజీ అడిగే పబ్లిక్ వైఫైలో ముందు వీపీఎన్ ఆపి, లాగిన్ అయ్యి, మళ్ళీ ఆన్ చేయాలి. ఇక గూగుల్‌లో లాగిన్ అయ్యి వెతికితే ఏం వెతికారో గూగుల్‌కి తెలుస్తూనే ఉంటుంది. కుకీల్ని (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్ళు) వీపీఎన్ ఆపలేదు.

వేరే దేశపు సినిమాలు చూడడం కోసమే అయితే ఇది కొనకండి, దానికి ఇంతకన్నా మెరుగైనవి ఉన్నాయి. డబ్బు పెట్టలేనివాళ్ళకు ప్రోటాన్ వీపీఎన్ ఉచిత ప్లాన్ చెబుతాను. డేటాకు పరిమితి లేదు, 2020 నుంచి యాప్‌ల సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, డబ్బు కట్టేవాళ్ళ వల్ల ఆ ఖర్చు గడుస్తుంది. ఖర్చు ఎలా గడుస్తుందో తెలియని ఉచిత వీపీఎన్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో వారి వీపీఎన్ యాప్ కూడా భద్రత పేరుతోనే ఫోన్లలోకి చేరింది. జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారానే ఫేస్‌బుక్‌కి తెలిసేది. 2018లో ఆపిల్ అభ్యంతరం చెప్పాక యాప్ స్టోర్ నుంచి తీసేశారు, మరుసటి ఏడాది మూసేశారు.