జిమ్నీకి 215/75 ఆర్15 టైర్లు: పల్నాడు డొంకల్లో వాడాక

ముందే చెప్పేస్తాను. మారుతి వాళ్ళ ఐదు డోర్ల జిమ్నీకి రిమ్ములు మార్చకుండా టైరు సైజు పెంచాలంటే 215/75 ఆర్15 దగ్గర ఆగిపోవాలి. నేను వేయించుకున్నది అదే, ఆల్ టెరైన్ రకం, అంటే తారు రోడ్డు మీదా మట్టిలోనూ నడిచేది. ఏ బ్రాండు అనేది ఎవరి బడ్జెట్ వాళ్ళది, ఇక్కడ నా గోలంతా సైజు గురించే.

నాది సోలార్ పంపుసెట్ల సర్వీసు పని. నరసరావుపేట చుట్టుపక్కల మిర్చి, పత్తి చేలకు వెళ్ళాలి. తారు రోడ్డు దిగితే డొంకే దారి, అదీ నల్లరేగడి. బండితో వచ్చిన 195/80 ఆర్15 రోడ్డు టైర్లకు ఎండు డొంకలో వంక పెట్టడానికి లేదు. ఒక్క వాన పడిందంటే మాత్రం చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గాడులన్నీ మట్టితో పూడిపోయి టైరు నున్నగా అయిపోతుంది. అప్పుడు ఫోర్ వీల్ వేస్తే రెండు చక్రాల బదులు నాలుగూ జారతాయి, అంతే తేడా. ఆల్ టెరైన్ టైర్లకు గాడులు లోతుగా, ఎడంగా ఉంటాయి. కాస్త యాక్సిలరేటర్ ఇస్తే మట్టిని విసిరేసి మళ్ళీ పట్టు దొరికించుకుంటాయి.

మరి సైజెందుకు మార్చడం? 215/75 ఆర్15 బొలెరోకి వచ్చే సైజు. వినుకొండలో అడిగినా, మాచర్లలో అడిగినా దొరుకుతుంది. పల్లెల్లో తిరిగే బండికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఇక లెక్క. 195 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే అందులో 80 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 156. పైనా కిందా కలిపి 312, దానికి 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే టైరు మొత్తం ఎత్తు 693. ఇదే లెక్క 215/75కి వేస్తే 703.5. పెరిగింది సెంటీమీటరే. బండి నేల నుంచి లేచేది అందులో సగం. స్పీడోమీటరు అదే అంకె చూపిస్తున్నా, పాత టైర్లతో 100 వెళ్ళేచోట ఇప్పుడు 101.5 వెళ్తాం. పట్టించుకోనక్కర్లేదు.

గుంటూరులో ఒక షాపాయన మాత్రం "235/75 వేసుకోండి సార్, లుక్కు అదిరిపోద్ది" అని ఒకటే పోరు. లుక్కు నిజంగానే అదిరిపోద్ది. కానీ జిమ్నీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలు. 235/75కి కనీసం ఆరు ఉండాలి, 215/75కి ఐదున్నర సరిపోతుంది. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కలు ఉబ్బుతాయి, నేల మీద టైరు సమంగా కూర్చోదు, నడిమధ్య త్వరగా అరిగిపోతుంది. ఈ మాట ఆ షాపాయన తనంతట తాను చెప్పలేదు, నేను అడిగితే "ఏం కాదు సార్" అన్నాడు. టైరు ఎత్తు కూడా 733 దాటుతుంది, స్పీడోమీటరు తేడా దాదాపు 6 శాతం. టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 134 న్యూటన్ మీటర్లే ఉన్న పెట్రోలు బండికి అంత పెద్ద చక్రం అంటే ప్రతి ఎత్తులోనూ ఒక గేరు దించాల్సిందే.

రేగడిలో తిరిగేవాళ్ళకు ఇంకో చిక్కుంది. టైరు పెద్దదయ్యేకొద్దీ పైన మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సందు తగ్గుతుంది. ఆ సందులో మట్టి కూరుకుపోతుంది. గంట ఎండ తగిలితే గట్టిపడి టైరును గీకుతూ ఉంటుంది. అప్పుడు డొంక మధ్యలో కూర్చుని జాకీ రాడ్డుతో తవ్వుకోవడమే పని. 215తో నాకు ఆ అవస్థ రాలేదు. మట్టి చేరుతుంది గానీ తనంతట అదే రాలిపోతోంది. పైగా మా డొంకల్లో బురద కింద గట్టి నేల తగులుతుంది. సన్నటి టైరు బురదను కోసుకుని దాన్ని అందుకుంటుంది, వెడల్పు టైరు పైపైన తేలుతుంది.

ఇసుకలో ఇదంతా తిరగబడుతుంది, అక్కడ తేలడమే కావాలి. అయినా దానికి వెడల్పు టైరే కొనక్కర్లేదు. బాపట్ల వైపు ఇసుక దారుల్లో గాలి 18 పీఎస్‌ఐకి దించేస్తే ఇదే టైరు కింద పరుచుకుని లాగేస్తుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ గాలి కొట్టాలి కాబట్టి బండిలో చిన్న కంప్రెసర్ ఉండాలి.

నచ్చనివీ ఉన్నాయి. 80 దాటితే హైవే మీద హోరు వినిపిస్తుంది, ఫోన్ మాట్లాడాలంటే విసుగే. మైలేజీ కొంచెం తగ్గింది. తడి తారు మీద బ్రేకు పాత రోడ్డు టైర్లంత నమ్మకంగా అనిపించదు, అందుకే వానలో ముందు బండికి దూరం ఎక్కువ వదులుతున్నాను. మీరు తిరిగేది విజయవాడ, హైదరాబాద్ మధ్యే అయితే కంపెనీ టైర్లు చక్కగా ఉన్నాయి, ఉంచుకోండి.

కొంటే ఐదూ కొనండి. స్టెప్నీ పాతది ఉంచి సర్దుకుందామంటే, అది వేసిన రోజు ఫోర్ వీల్ వాడకూడదు. చక్రాల ఎత్తుల్లో తేడా ఉంటే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇన్సూరెన్సు వాళ్ళని కూడా ఒక మాట అడిగి పెట్టుకోండి. పాత ఐదు టైర్లకి షాపువాడు ఎంతిస్తాడో కొత్తవి ఎక్కించక ముందే తేల్చుకోండి, బిల్లు కొట్టాక అడిగితే నవ్వి ఊరుకుంటారు.