ఎంసెట్ లెక్కల బిట్ల పుస్తకం: మూడేళ్లు వాడిన తరువాత

మా అన్నయ్య విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల కొట్లో సగం ధరకు కొని తెచ్చిన లెక్కల బిట్ల పుస్తకాన్ని ఇంటర్ రెండేళ్లు, ఆ తరువాత ఇంట్లోనే ఉండి మళ్లీ పరీక్షకు చదువుకున్న మరో ఏడాది, మొత్తం మూడేళ్లు వాడాను. అధ్యాయాల వారీగా బిట్లు, ప్రతి అధ్యాయం చివర కీ, ఆ వెనుక సాధనలు ఉండే లావుపాటి పుస్తకం అది. ఎన్ని పేజీలు, ఎన్ని బిట్లు, ఏ సంవత్సరం నుంచి పాత ప్రశ్నపత్రాలు చేర్చారు అన్నవి అట్ట మీదే ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లను. పుస్తకం పేరు కూడా రాయడం లేదు. ఒకే పోలికలో ఉండే ఇలాంటి సంకలనాలు చాలా ఉన్నాయి, నేను చెప్పే విషయం వాటిలో చాలావాటికి వర్తిస్తుంది. నేను రాయదలచుకున్నది ఆ పుస్తకంలోని సాధనల గురించి మాత్రమే. మొదటి ఏడాది నన్ను ఆ పుస్తకానికి కట్టిపడేసినవీ, తరువాత ఇంతకాలం మనసులో కష్టం మిగిల్చినవీ అవే.

ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ మా ఇంట్లో అందరూ ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు. ఇంజనీరింగ్ విభాగంలో మూడు గంటల్లో 160 బిట్లు చేయాలి; అందులో సగం, అంటే 80, లెక్కలవే. నేను లెక్కలకు వంద నిమిషాలు కేటాయించుకునేదాన్ని. అలా చూసినా ఒక్కో బిట్టుకు 75 సెకన్లే దక్కుతాయి. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో, ప్రతి మెట్టూ రాసి, చివర గీత గీసి జవాబు చూపించడం అలవాటైన నాకు ఆ 75 సెకన్లు మొదట్లో గుండెల్లో రాయిలా ఉండేవి. అలాంటి సమయంలో, పేజీన్నర పట్టే లెక్కను రెండు వరుసల్లో తేల్చే ఆ సాధనలు నాకు పెద్ద అండగా కనిపించాయి.

ద్విపద సిద్ధాంతం అధ్యాయంలోని ఒక బిట్టు ఇప్పటికీ గుర్తుంది. ద్విపద గుణకాలను (ఒకటి ప్లస్ ఎక్స్‌ను ఎన్‌వ ఘాతానికి విస్తరిస్తే వచ్చే గుణకాలను) వరుసగా ఒకటి, రెండు, మూడు అంటూ ఎన్ ప్లస్ ఒకటి వరకు గుణించి కూడితే వచ్చే మొత్తం ఎంత అన్నది ప్రశ్న. పుస్తకం చెప్పిన పద్ధతి ఇది: ఎన్ విలువ 1 అనుకోండి, గుణకాలు 1, 1 కనుక మొత్తం 3 వస్తుంది; ఆప్షన్లలో రెండు 3 ఇస్తున్నాయి. ఇప్పుడు ఎన్ విలువ 2 అనుకోండి, గుణకాలు 1, 2, 1 కనుక మొత్తం 8 వస్తుంది. మిగిలిన రెండింటిలో ఒకటి 8 ఇస్తుంది, మరొకటి 9 ఇస్తుంది, కనుక 8 ఇచ్చినదే జవాబు. అరనిమిషంలో అయిపోయింది. ఆ రోజు ఆ అధ్యాయమంతా అలాగే చేసుకుంటూ పోయాను, రాత్రి పన్నెండయినా నిద్ర రాలేదు. మరునాడే తరగతిలో ఇద్దరు స్నేహితురాళ్లకు ఈ పుస్తకం తప్పకుండా కొనుక్కోమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు గానీ, అంత నిశ్చయంగా మళ్లీ చెప్పలేను.

ఎందుకంటే త్రిభుజ ధర్మాల అధ్యాయంలో అదే పుస్తకం, రెండో విలువతో సరిచూసే ఆ జాగ్రత్తను వదిలేసింది. త్రిభుజం లోపల మూడు భుజాలనూ తాకేది అంతర్‌వృత్తం, మూడు శీర్షాల గుండా పోయేది పరివృత్తం, బయట ఒక భుజాన్నీ, పొడిగించిన మిగతా రెండు భుజాలనూ తాకేవి బాహ్యవృత్తాలు. ఒక త్రిభుజానికి ఉండే మూడు బాహ్యవృత్త వ్యాసార్థాల్లో ఒక్కోదాని నుంచి అంతర్‌వృత్త వ్యాసార్థాన్ని తీసివేసి, వచ్చిన మూడింటినీ గుణిస్తే ఎంత అన్నది ప్రశ్న. ఆప్షన్లు నాలుగు: మొదటిది అంతర్‌వృత్త వ్యాసార్థ ఘనానికి ఎనిమిది రెట్లు; రెండోది పరివృత్త వ్యాసార్థాన్ని అంతర్‌వృత్త వ్యాసార్థ వర్గంతో గుణించి, దానికి నాలుగు రెట్లు; మూడోది పరివృత్త వ్యాసార్థ వర్గాన్ని అంతర్‌వృత్త వ్యాసార్థంతో గుణించి, దానికి రెండు రెట్లు; నాలుగోది పరివృత్త వ్యాసార్థ ఘనం. సాధనలో ఉన్నది ఒకటే వరుస. సమబాహు త్రిభుజం అనుకోండి, ప్రతి బాహ్యవృత్త వ్యాసార్థమూ అంతర్‌వృత్త వ్యాసార్థానికి మూడు రెట్లు ఉంటుంది, తీసివేస్తే రెండు రెట్లు మిగులుతుంది, మూడుసార్లు గుణిస్తే ఎనిమిది రెట్ల ఘనం, కనుక మొదటి ఆప్షన్. కీలో ఉన్నదీ అదే. నేను నమ్మాను. సూత్రాల నోటుపుస్తకంలో ఎర్ర పెన్నుతో ఎక్కించి, చుట్టూ గడి కూడా గీసుకున్నాను. ఆ బిట్టు పక్కన, నాకంటే ముందు ఆ పుస్తకం వాడిన వారెవరో పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఉంచారు. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఒక్కసారి కూడా అదేమిటని ఆగి ఆలోచించలేదు.

రెండో ఏడాది పబ్లిక్ పరీక్షలు అయిపోయాక రాసిన ఒక మాదిరి పరీక్షలో అదే ప్రశ్న, ఆప్షన్ల వరుస మాత్రం మారి వచ్చింది. చదివిన వెంటనే గుర్తుపట్టి, పది సెకన్లలో ఎనిమిది రెట్ల ఘనం మీద గుర్తు పెట్టాను. సాయంత్రం కీ చూస్తే తప్పన్నారు. ఆ కీయే తప్పన్న నమ్మకంతో పుస్తకం చంకన పెట్టుకుని మా లెక్కల సార్ దగ్గరకు వెళ్లాను. సార్ పుస్తకంలోని సాధన చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “మూడు, నాలుగు, అయిదు భుజాలున్న త్రిభుజం తీసుకుని నువ్వే చేసి చూడమ్మా” అన్నారు.

అక్కడే నిలబడి చేశాను. చుట్టుకొలతలో సగం 6, వైశాల్యమూ 6. కనుక అంతర్‌వృత్త వ్యాసార్థం 1. లంబకోణ త్రిభుజం కనుక పరివృత్త వ్యాసార్థం కర్ణంలో సగం, 2.5. బాహ్యవృత్త వ్యాసార్థాలు 2, 3, 6. ఒక్కోదాని నుంచి 1 తీసివేస్తే 1, 2, 5, గుణిస్తే 10. ఇప్పుడు నాలుగు ఆప్షన్లలోనూ విలువలు వేస్తే మొదటిది 8, రెండోది 10, మూడోది 12.5, నాలుగోది 15.625. జవాబు రెండోది. సార్ అప్పుడు నా కాగితం కిందనే సమబాహు త్రిభుజానికి కూడా నాలుగు ఆప్షన్లూ వేసి చూపించారు. సమబాహు త్రిభుజంలో పరివృత్త వ్యాసార్థం అంతర్‌వృత్త వ్యాసార్థానికి సరిగ్గా రెండు రెట్లు కనుక నాలుగూ ఒకే విలువ ఇస్తున్నాయి. అంటే ఆ సాధన నాలుగింటిలో దేన్నీ ఎంచలేదు, దేన్నీ తీసివేయలేదు. రాసినవారు ముందు కనిపించినదాన్ని జవాబుగా వేశారు.

ఆ తరువాత సార్ అసలు నిరూపణ చేయించారు, అది పెద్దదేమీ కాదు. బాహ్యవృత్త వ్యాసార్థం అంటే వైశాల్యాన్ని అర్ధ చుట్టుకొలత నుంచి ఆ భుజం తీసివేయగా మిగిలినదానితో భాగించడం. అంతర్‌వృత్త వ్యాసార్థం అంటే వైశాల్యాన్ని అర్ధ చుట్టుకొలతతో భాగించడం. ఈ రెండింటి భేదం తీస్తే లవంలో ఆ భుజమూ, వైశాల్యమూ మిగులుతాయి. మూడు భేదాలనూ గుణించి, హారంలో, భుజాల నుంచి వైశాల్యం చెప్పే హెరాన్ సూత్రం వాడితే వైశాల్య వర్గం పోతుంది. లవంలో మిగిలిన మూడు భుజాల లబ్ధం, పరివృత్త వ్యాసార్థాన్నీ వైశాల్యాన్నీ గుణించి నాలుగు రెట్లు చేసినదానికి సమానం కనుక రెండో ఆప్షన్ దానంతట అదే బయటపడుతుంది. ఆరు వరుసలు పట్టింది. ఆరే వరుసలు. ఒకటిన్నర సంవత్సరం నేను తప్పు సూత్రాన్ని గడి గీసుకుని చదవడానికి కారణం, పుస్తకం ఆ ఆరు వరుసలను మిగుల్చుకోవడం.

అచ్చుతప్పులు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, వాటిని నేను పట్టించుకోను. నా బాధ అది కాదు. ప్రత్యేక సందర్భం తీసుకుని ఆప్షన్లు సరిచూసే పద్ధతి పనిచేయాలంటే ఆ సందర్భంలో ఒక్క ఆప్షనే సరిపోవాలి. రెండు సరిపోతే మరో సందర్భం తీసుకోవాలి. ద్విపద సిద్ధాంతంలో పుస్తకం ఈ పని చేసింది, ఎందుకు చేస్తున్నదో మాత్రం ఎక్కడా ఒక్క వాక్యం రాయలేదు. రాసి ఉంటే త్రిభుజాల దగ్గరకు వచ్చేసరికి నాకే అనుమానం వచ్చేది. ఆ రోజు ఇంటికి వచ్చి ఆ అధ్యాయమంతా మళ్లీ 3, 4, 5 త్రిభుజంతో చేశాను. కీలోని జవాబు సరిగ్గానే ఉండి, సాధన మాత్రం దేన్నీ తేల్చని బిట్లు మరో నాలుగు కనిపించాయి. ఆ తరువాత జూనియర్ ఒకమ్మాయి దగ్గర కొత్త ముద్రణ చూసే అవకాశం వచ్చింది. ముందుగా ఆ పేజీయే తెరిచాను. కీలో జవాబు రెండో ఆప్షన్‌కు మార్చారు. సాధనలో సమబాహు త్రిభుజం వరుస అక్షరం మారకుండా అలాగే ఉంది, చివర ఆప్షన్ సంఖ్య మాత్రం మారింది. పాత తప్పుకంటే ఇదే నన్ను ఎక్కువ బాధించింది, ఎందుకంటే ఎవరో తప్పు చూసి చెప్పి ఉంటారు, అయినా చదివే పిల్లకు దారి చూపాలని ఎవరూ అనుకోలేదు.

ఆ తరువాతి ఏడాది పుస్తకాన్ని వాడే తీరు మార్చుకున్నాను. సాధనల పేజీలను రబ్బరు బ్యాండుతో కట్టేసి, ముందు నా పద్ధతిలో పూర్తిగా చేసి, ఆ తరువాతే షార్ట్‌కట్ చూసేదాన్ని; చూసిన ప్రతిదాన్నీ రెండు వేర్వేరు విలువలతో పరీక్షించేదాన్ని. అలా చేస్తే రోజుకు అరవై బిట్లు అయ్యేవి ఇరవై అయిదుకు తగ్గాయి. కానీ వృత్తసరణులు, పరావలయం, నిశ్చిత సమాకలనులు లాంటి అధ్యాయాల్లో ఆ సాధనలు నిజంగా ఎంత చక్కగా ఉన్నాయో నాకు అప్పుడే అర్థమైంది. ముఖ్యంగా నిశ్చిత సమాకలనుల్లో సౌష్ఠవాన్ని చూసి సగం పని తగ్గించే సాధనలు మా పాఠ్యపుస్తకంలో కూడా అంత బాగా లేవు.

పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది కనుక అచ్చు పుస్తకంతో ఒక ఇబ్బంది తప్పదు. పుస్తకంలో పటం పక్కనే కొలతలు రాసుకునే అలవాటు ఉన్నవారు, అక్కడ తెర మీది ప్రశ్నను చూసి ఇచ్చిన రఫ్ కాగితం మీదికి ఎక్కించుకోవాలి. నేను మొదటిసారి రాసినప్పుడు రుణ గుర్తు ఎక్కించడం మరిచిపోయి రెండు లెక్కలు పోగొట్టుకున్నాను. అందుకే చివరి నెలల్లో పుస్తకాన్ని బల్లకు అవతల నిలబెట్టి, విడి కాగితాల మీదనే చేశాను.

ఇంటర్ మార్కుల సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. మేము రాసిన లెక్కల పేపరు 75 మార్కులకు, అందులో ఏడు మార్కుల ప్రశ్నలు అయిదు రాయాలి. త్రిభుజ ధర్మాల నుంచి ఒకటి వస్తుందని మాకు అందరూ చెప్పేవారు. ఆ జవాబులో సమబాహు త్రిభుజం అనుకుందాం అని రాస్తే మార్కులు రావు. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు కనుక అక్కడివారికి ఈ లోపం ఇంత బరువుగా అనిపించకపోవచ్చు.

కనుక కొనాలా వద్దా అంటే నా పరిస్థితిని బట్టే చెప్పగలను. నాకు కోచింగ్ లేదు, కానీ అడిగితే చెప్పే సార్ కళాశాలలో ఉన్నారు. ఆయన లేకపోతే ఈ పుస్తకం నాకు మేలుకంటే కీడే ఎక్కువ చేసేది. తప్పు ఆప్షన్‌కు మార్కులు కోయని పరీక్ష కనుక, చివరి పది నిమిషాల్లో మిగిలిపోయిన బిట్లకు ఈ షార్ట్‌కట్లు నిజంగానే పనికొచ్చాయి, రెండోసారి రాసినప్పుడు మరీను. పాఠం ఒకసారి పూర్తిగా చదివి, నిరూపణలు చేతితో రాసినవారు రెండో పుస్తకంగా కొనుక్కోవచ్చు. సొంతంగా మొదటిసారి అధ్యాయం మొదలుపెట్టేవారు మాత్రం వద్దు. మా తమ్ముడు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. వాడి తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారిత పాఠ్యపుస్తకాలు వచ్చాయి, కనుక నా పుస్తకంలోని ఏ అధ్యాయాలు వాడికి అవసరమో ముందు కూర్చుని సరిచూడాలి. అప్పటిదాకా సాధనల పేజీలకు రబ్బరు బ్యాండు తీయవద్దని చెప్పాను.